అమ్మ టేపు, ఇరవై నాలుగు ఇంచుల కంప్యూటర్

మా ఇంట్లోకి ఏ వస్తువు రావాలన్నా ముందు అమ్మ టేపుకు లొంగాలి. అది దర్జీ టేపు. పసుపు రంగు వెలిసి, అంచులు నలిగి, ఎప్పుడూ అమ్మ మెడలోనే వేలాడుతూ ఉంటుంది. ఫ్రిజ్ కొనే ముందు వంటింటి గుమ్మాన్ని కొలిచింది. దివాన్ కొనే ముందు హాలుని కొలిచింది. పెళ్లిచూపుల్లో అమ్మాయిని కూడా కొలిచిందని నేను నలుగురిలో చెబుతుంటాను. నా భార్య ఒప్పుకోదు. కొలిచింది పెళ్లి ఖాయమయ్యాకేనని, అదీ బ్లౌజు కోసమని అంటుంది. ఎప్పుడైతేనేం, కొలిచిన మాట నిజం. నా కథల్లో ఆపాటి నిజం ఎప్పుడూ ఉంటుంది.

ఆ టేపు చెప్పిన మాట మీద మా ఇంట్లో అప్పీలు లేదు. అమ్మ "పట్టది" అంటే పట్టదు, అంతే. మళ్లీ కొలిచి చూసే ధైర్యం మా నాన్నకే ఉండేది కాదు. రైల్వేలో గార్డుగా పచ్చజెండా ఊపి మైలు పొడవు గూడ్సుబండిని కదిలించిన మనిషి, ఇంట్లో కుర్చీ జరపాలంటే అమ్మను అడిగి జరిపేవాడు.

మొన్నటి వానాకాలంలో మా పాత లాప్‌టాప్ పోయింది. పోయిందంటే ఒక్కసారిగా పోలేదు. ముందు మూత విరిగింది. దాన్ని కందిపప్పు డబ్బాకు ఆనించి కొన్నాళ్లు నడిపాం. తర్వాత లోపలి ఫ్యాను మోత మొదలైంది. ఆ మోతకు పక్కింటాయన వాన వస్తోందనుకుని దండెం మీది బట్టలు తీసుకునేవాడు. చివరికి ఒకరోజు ఆ ఫ్యాను కూడా ఆగిపోయింది. ఆయన బట్టలు నిజం వానలో తడిశాయి.

ఇంట్లో కంప్యూటర్ లేకపోతే జరిగే పరిస్థితి కాదు. నా భార్య ఇంట్లో కూర్చునే ఆఫీసు పని చేస్తుంది. నా కూతురు ఆర్కిటెక్చర్ చదువుతోంది, రోజూ ఏదో ఒక ఇంటి నక్షా గీయాలి. నేను పెద్దగా ఏం చేయను గానీ, ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తుంటే పక్కన కూర్చుని సలహా చెప్పడం నాకు అలవాటు. అందరికీ కలిపి ఒకటే కొనాలి. ఏ రకం కొనాలన్నదే గొడవ.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, కోడికూర ముందు కూర్చున్నాక పంచాయితీ మొదలైంది.

"లాప్‌టాపే, డాడీ. కాలేజీకి తీస్కపోవాలె కదా" అంది నా కూతురు.

"కాలేజీల ల్యాబ్ ఉంది కదనే. నాకు మెడ పడిపోతుంది వంగి వంగి. డెస్క్‌టాప్ తీసుకుందాం, పెద్ద స్క్రీన్‌ది" అంది నా భార్య.

"ఇద్దరిదీ కాదు, పలకలాంటిది తీసుకుందాం. ట్యాబ్. పడుకొని సుత చూస్కోవచ్చు" అన్నాను నేను.

"మీరు పడుకోనీకి కంప్యూటర్ ఎందుకండీ? దిండు చాలదా?"

ఇలా ముగ్గురం మూడు వైపులా లాగుతుంటే, అమ్మ నిదానంగా ఎముక పక్కన పెట్టి, "డబ్బా కంప్యూటరే తేండ్రి" అంది.

మేం ఆగిపోయాం. కంప్యూటర్ విషయంలో అమ్మకు ఒక అభిప్రాయం ఉంటుందని మాకెవరికీ తోచలేదు.

"గా మడత కంప్యూటర్ వచ్చిన కాన్నుంచి దీని ముఖం నేను సక్కగ చూసిన్నా?" అంది మనవరాలిని చూపించి. "ఇది పట్టుకపోయి తలుపేసుకుంటది. నువ్వు మంచం మీద పెట్టుకుంటవ్. కోడలు వంటింట్ల పప్పుడబ్బా కాడ కూసుంటది. నేను మిషన్ తొక్కుకుంట గోడతోని ముచ్చట పెడ్తున్న. ఒక్క తాన కూసునేది తెస్తే, ఎవలో ఒకలు హాల్ల కూసుంటరు గద."

నా భార్య అడిగింది, "హాల్ల ఎక్కడ పెడదాం అత్తమ్మా?"

"కిటికీ కాడ."

"అక్కడ మీ మిషన్ ఉంది కదా."

"తీసేద్దాం."

నీళ్ల గ్లాసు పక్కకు జరపమన్నంత తేలిగ్గా అంది.

ఆ కుట్టుమిషన్ గురించి చెప్పాలి. నా కంటే పెద్దది. కాలితో తొక్కే రకం, ఇనుప కాళ్లు, టేకు బల్ల. మౌలాలి రైల్వే క్వార్టర్స్‌లో ఉండగా నాన్న తెల్ల యూనిఫాం, నా నిక్కర్లు, చర్చి కాయిర్‌లో పాడే పిల్లల తెల్ల అంగీలు అన్నీ దాని మీదే. అమ్మ డిసెంబర్ నెలలో తొక్కుతుంటే ఆ చప్పుడుకు గేటు దగ్గరి మనిషి రైలు వస్తోందని గేటు వేసేవాడని, నాన్న పోయి "బండి కాదయ్యా, మా ఇంటామె" అని చెబితే తీసేవాడని నేను చెబుతుంటాను. మల్కాజ్‌గిరిలో ఈ రెండు గదుల ఇల్లు కొన్నప్పుడు అమ్మ చూసింది ఒకే ఒక్కటి, హాలు కిటికీలోంచి మిషన్ మీదికి పొద్దున వెలుతురు పడుతుందా లేదా అని. పడింది. ఇల్లు కొన్నాం. ఈ మాటలో మసాలా లేదు.

మరో చోటు వెతుకుదామంటే హాల్లో ఒక గోడకు దివాన్, ఒక గోడకు టీవీ, ఇంకో గోడ నిండా తలుపులే.

"రెండూ పక్కపక్కన పెట్టుకుందాం నానమ్మా" అంది నా కూతురు.

"పట్టయి. కొలిచిన."

"ఎప్పుడు కొలిచినవ్?"

"మొన్న. ఎన్నించుల కంప్యూటర్ చూస్తున్నరని నిన్ను అడిగిన గద. మమ్మీ ఇరవై నాలుగుది అడుగుతుంది అన్నవ్. పట్టది."

టేపు మాట్లాడేసింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పార్టీలు మారిపోయాయి. డెస్క్‌టాప్ కావాలన్న నా భార్య బాల్కనీలో బట్టలారేస్తూ, "నా మెడనొప్పి తగ్గిందండీ. లాప్‌టాపే తీసుకుందాం" అని నాతో గుసగుసలాడింది. అంటూ ఉండగానే మెడ పట్టేసి, తల ఒక పక్కకు వంచుకునే లోపలికి వెళ్లింది. నా కూతురు, లాప్‌టాప్ కొంటే హాల్లోనే కూర్చుంటానని, తలుపు వేసుకోనని నానమ్మకు మాటిచ్చింది. నేను ట్యాబ్ సంగతే మర్చిపోయాను. ముగ్గురం లాప్‌టాప్ అంటున్నాం, అమ్మ ఒక్కతే డెస్క్‌టాప్. మెజారిటీ మాదే గానీ గెలుపు మాత్రం ఆమెదే.

"నా కండ్లకు సూది బెజ్జం అవుపడ్తలేదురా. ఇంకెన్నొద్దులు కుట్టాలె?" అంది. అదే మధ్యాహ్నం పై ఇంటావిడ చీరలకు ఫాల్స్ కుట్టి ఇచ్చింది.

నేను నా విద్య కూడా ప్రయోగించాను. డెస్క్‌టాప్ వేడికి హాల్లో పెట్టిన పెరుగు ఊరికే పులిసిపోతుందని చెప్పాను. పక్క వీధిలో ఒకళ్లింట్లో డెస్క్‌టాప్ ఉన్నందుకు బల్లులన్నీ దాని వెనకే సంసారం పెట్టాయని చెప్పాను. అమ్మ అంతా విని, "మీ నాయన సుత గిట్లనే చెప్తుండె. ఆయన అబద్ధానికి తోక ఒక్కటే ఉండకపోతుండె. నీదానికి తల సుత లేదు" అంది.

అంతటితో ఆగలేదు. బొల్లారంలో ఉన్న తన చెల్లెలి కోడలికి ఫోన్ చేసి మిషన్ తీసుకుపొమ్మంది. శనివారం ట్రాలీ ఆటో పంపిస్తానని ఆమె చెప్పింది. ఇక రోజూ అమ్మ మిషన్ ముందు కూర్చుని, కుట్టడం మానేసి తుడవడం మొదలుపెట్టింది. ఇనుప కాళ్ల సందుల్లో దుమ్ము తీసింది. ప్రతి కీలుకీ నూనె చుక్క వేసింది. ఆడపిల్లను అత్తారింటికి పంపే ముందు తలంటు పోసినట్టుంది ఆ వరస. నా భార్య చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయేది.

శుక్రవారం నలుగురం లోకల్ రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లాం. పార్క్‌లేన్‌లో ఒకదాని మీద ఒకటి కంప్యూటర్ దుకాణాలు. అమ్మకు మెట్లు కష్టం, నువ్వు రావద్దన్నాం. "కొనే వస్తువును చూడకుంట ఇంట్లకు ఎట్ల రానిస్తరు?" అంది. ఆ మెట్లు ఆకాశం దాకా ఉన్నాయి. మధ్యలో రెండుచోట్ల మబ్బులు తగిలాయి. మేం ముగ్గురం ఆయాసపడుతూ పైకి చేరేసరికి అమ్మ అప్పటికే దుకాణంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది.

దుకాణం ఆయనది ఇంచుమించు నా వయసే. నెరిసిన గడ్డం, ఓపిక గల మనిషి. మాకు అన్ని రకాలూ చూపించాడు. వేలెడు మందం లాప్‌టాప్‌లు. అరచేతిలో పట్టే బుల్లి డబ్బా, దానికి స్క్రీన్ వేరే తెచ్చుకోవాలట. స్క్రీన్ వెనకాలే అంతా ఇరికించిన ఇంకో రకం.

"ఇది మంచిగుంటది అమ్మా. వైర్ల తక్లీఫ్ ఉండది. అన్నీ ఒక్కదాంట్లనే" అన్నాడు దాన్ని తడుతూ.

"ఒకటి ఖరాబైతే అన్నీ ఖరాబైనట్టే గద" అంది అమ్మ.

ఆయన తట్టడం ఆపాడు. "పాయింట్ ఉందమ్మా" అని, చివరికి మామూలు డెస్క్‌టాప్ దగ్గరికి తీసుకువెళ్లాడు. కింద పెట్టుకునే డబ్బా, పైన స్క్రీన్, విడిగా కీబోర్డు, మౌసు. నా భార్య స్క్రీన్ ముందు నిలబడి, వంచకుండా నిటారుగా మెడ పెట్టి చూసి, వెంటనే ఏం పట్టనట్టు లాప్‌టాప్‌ల వైపు తిరిగింది. ఆ ఒక్క చూపు అమ్మ కంట పడింది.

"ఇది ఎన్నించులయ్యా?"

"ఇరవై నాలుగు అమ్మా."

అమ్మ లేచి మెడలోంచి టేపు తీసింది. ఒక చివర స్క్రీన్ ఎడమ అంచుకు ఆనించి, రెండో అంచు దాకా లాగి, కళ్లద్దాలు పైకెత్తి చూసింది. మళ్లీ లాగి మళ్లీ చూసింది.

"ఇరవై ఒకటింపావు ఉన్నది."

"ఇరవై నాలుగే అమ్మా. డబ్బా మీద రాసి ఉంది చూడుండ్రి."

"డబ్బా మీద రాసింది నేనేం చేసుకోను? టేపు ఇరవై ఒకటింపావు అంటుంది. మూడించులు ఎటు పోయినయ్?"

దుకాణంలో ఉన్న వాళ్లంతా ఇటు తిరిగారు. నా కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా, కంపెనీల లెక్క గట్లుండది" అన్నాడాయన ఓపిగ్గా. "అడ్డం కొలవరు. మూలకెల్లి మూలకు కొలుస్తరు. గీ కింది మూలకెల్లి గా పై మూల దాంక."

"ఏటవాలుగనా?"

"అవునమ్మా."

"ఎందుకట్ల?"

ఆయన ఇన్నేళ్లుగా కంప్యూటర్లు అమ్ముతున్నాడు. ఈ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. గడ్డం గోక్కున్నాడు. "నేను ధంధా షురూ చేసినప్పటికెల్లి గంతే అమ్మా."

"బట్టను గట్ల కొలిచి ఇస్తే ఊకుంటరా ఎవరన్న? రెండు గజాల గుడ్డకు మూల పట్టుకొని గుంజి రెండున్నర అంటే, నా గిరాకీ నన్ను ఉంచుతదా?"

"మీరే కొలవుండ్రి మల్ల, నేను పడ్తా" అని టేపు చివర తనే పట్టుకుని కింది మూలకు ఆనించాడు. అమ్మ పై మూల దాకా లాగింది. అద్దాలు సర్దుకుంది. మళ్లీ సర్దుకుంది.

"గిది సుత జెర తక్కువనే ఉన్నది. ఇరవై నాలుగు లేదు."

"అమ్మా, నువ్వు నన్ను పరేషాన్ చేయనీకే వచ్చినవ్" అని ఆయన పకపకా నవ్వాడు. అంతే, దుకాణమంతా నవ్వులు. అక్కడితో అమ్మకు ఊపొచ్చింది. పక్కనున్న స్క్రీన్ కొలిచింది. దాని పక్కది కొలిచింది. ఎవరో తమ కోసం ఒకటి కొలిచిపెట్టమంటే అదీ కొలిచింది. కొలవకుండా వదిలింది తిరుగుతున్న ఫ్యానును మాత్రమే, అదీ ఆపమని అడగబోయింది.

నా కూతురు మాత్రం నవ్వడం మానేసింది. నానమ్మ పక్కకు వెళ్లి నిలబడింది.

"నానమ్మా, ఇంట్ల మిషన్ పక్కకు ఎంత జాగా ఉంది?"

అమ్మ వినపడనట్టు టేపు వేలికి చుట్టుకోసాగింది.

"నానమ్మా."

"ఇరవై రెండు" అంది అమ్మ చాలా మెల్లిగా.

మా ముగ్గురికీ అప్పుడు వెలిగింది. స్క్రీన్ కొలత అంటే మూల నుంచి మూలకని మాకు తెలుసు. అమ్మకు ఇంచు అంటే పరిచిన బట్ట మీద పరిచిన టేపు. ఇరవై నాలుగు అంటే అడ్డంగా ఇరవై నాలుగే అనుకుని, ఇరవై రెండులో అది పట్టదని తేల్చుకుని, తన మిషన్‌ను బొల్లారం పంపడానికి సిద్ధపడింది. ఆ కొలత సంగతి మేం చెప్పలేదు. చెప్పాల్సి ఉంటుందని కూడా తెలియలేదు. ఆమె టేపును ఎదురు ప్రశ్నించడం మా వంశంలో లేదు కదా.

"అత్తమ్మా" అంది నా భార్య, "ఇరవై రెండుల ఇరవై ఒకటింపావు పట్టదా?"

అమ్మ గోడకు వేలాడుతున్న వైర్ల వైపు తిరిగి, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. ఆ అద్దాల మీద అంత మురికి లేదు.

"పడ్తది" అంది చివరికి. "ముప్పావు ఇంచు మిగుల్తది. కుట్టుకు ఇడుస్తం గద, గంత."

పాపం దుకాణం ఆయనకు ఏం జరుగుతోందో తెలియక, "ఏమైంది సార్? నచ్చలేదా?" అన్నాడు.

"అది కాదు భాయ్. మా ఇంట్ల ఒక పెద్దమనిషి రేపు ఇల్లు ఇడిచి పోవాల్సి ఉండె. ఇగ పోదు" అన్నాను.

ఆయన గాభరాగా అమ్మ వైపు చూసి, "నువ్వెందుకు పోతవమ్మా ఇల్లు ఇడిచి?" అన్నాడు.

"నానమ్మ కాదు అంకుల్, నానమ్మ మిషన్" అని నా కూతురు సర్దిచెప్పింది. తర్వాత నా వైపు తిరిగి, "డాడీ, డెస్క్‌టాపే తీసుకుందాం. కాలేజీల ల్యాబ్ ఉంది కదా" అంది, ఆ మాట తనకే అప్పుడే తోచినట్టు. వాళ్లమ్మ దాని నెత్తి మీద ఒక్కటి మెత్తగా మొట్టింది.

తిరుగు ప్రయాణంలో డబ్బాలతో ఆటో ఎక్కాం. అమ్మ ఆటోలోంచే బొల్లారం ఫోన్ కలిపింది. మిషన్ ఇవ్వడం లేదని ఎలా చెప్పాలా అని నసుగుతూ మొదలుపెట్టింది. అవతలి గొంతు మాకందరికీ వినిపించింది. "హమ్మయ్య, పెద్దత్తమ్మా! మా ఇంట్ల అస్సలు జాగా లేదు. మీరు అంత ప్రేమతోని ఇస్తుంటే వద్దని ఎట్ల చెప్పాల్నో తెల్వక ఊకున్న!"

అమ్మ ఫోన్ పెట్టేసింది. మెట్టుగూడ దాటాక, "నా మిషన్‌కు జాగా లేదంట" అంది. ఇంటికి చేరేదాకా అదే మాట. ఆటో దిగాక డ్రైవర్‌కు కూడా చెప్పింది.

ఇరవై రెండు ఇంచుల చోటుకు సరిపోయేలా వడ్రంగితో ఇరుకు బల్ల ఒకటి చేయించాం. కిటికీ కింద కుడివైపు మిషన్, ఎడమవైపు కంప్యూటర్, మధ్యలో సందు లేదు. అమ్మ చెప్పినట్టే ముప్పావు ఇంచు గోడ వైపు మిగిలింది. స్విచ్ వేసే ముందు ప్రార్థన చేయాలంది. మా ఇంట్లో ఫ్రిజ్‌కైనా అంతే, ప్రార్థన లేకుండా చల్లబడదు. తలలు వంచాం. అమ్మ ఇంట్లో అందరి పేర్లూ చెప్పి, పక్కింటాయననూ పై ఇంటావిడనూ తలుచుకుని, బొల్లారం కోడలిని క్షమించమని ప్రత్యేకంగా అడిగి, చివర్లో, "మూలకెల్లి మూలకు కొలిచే ఆ దుకాణపాయనను సుత దీవించు ప్రభువా, ఆయనకు తెల్వదు" అంది. "ఆమెన్" ఎవరు ముందన్నారో గానీ అందరం నవ్వుతూనే అన్నాం.

మర్నాడే పాత కర్టెన్ గుడ్డతో స్క్రీన్‌కు ముసుగు కుట్టింది. అడ్డం ఇరవై ఒకటింపావు. చుట్టూ కుట్టుకు వదిలింది.

ఒక్క చిక్కు మాత్రం వచ్చింది. ఆ ఇరుకు బల్ల మీద కీబోర్డు పెడితే మౌసుకు చోటు లేదు. నా కూతురు మౌసును మిషన్ బల్ల అంచు మీద పెట్టుకుంది. అమ్మ మిషన్ తొక్కితే ఆ బల్ల వణుకుతుంది, మౌసు వణుకుతుంది, స్క్రీన్ మీద బాణం గుర్తుకు చలిజ్వరం వచ్చినట్టవుతుంది. ఒకసారి నక్షాలో పడగ్గది గోడ అలలు అలలుగా వచ్చిందని, కాలేజీ సార్ అది కొత్త రకం డిజైన్ అనుకుని మెచ్చుకున్నాడని నేను కాలనీ అంతా చెప్పాను. నా కూతురు చెవులు మూసుకుంటుంది. గోడ వంకర పోయిన మాట నిజం. మెచ్చుకోలు నేను కలిపింది.

ఇప్పుడు నా భార్య పొద్దున నిటారు మెడతో పని చేసుకుంటుంది. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక కూతురు కూర్చుంటుంది. దాని గది తలుపు చాలాకాలంగా తెరిచే ఉంది. నేను దివాన్ మీద పడుకుని, మిషన్ ముందు అమ్మ, కంప్యూటర్ ముందు ఒకరు, ఇద్దరి వీపులూ చూస్తూ సలహాలు చెబుతుంటాను. ఎవరూ వినరు. ఈ డిసెంబర్‌కు కాయిర్ అంగీలు కుట్టడానికి కూడా అమ్మ ఒప్పుకుంది.

ఇవాళ కూడా, ఇది రాస్తుండగా, కిటికీ దగ్గర ఇదే గోల.

"నానమ్మా, జెర ఆపవా? గోడ గీస్తున్న."

"నీ గోడలెన్నే, పొద్దుందాక గీస్తనే ఉంటవ్? నాకు అంగీలు కావాలె."

"ఒక్క నిమిషం, నానమ్మా. ప్లీజ్."

"ఆపుతా గానీ, ఊకనే ఆపాల్నా? గీ సూదిల దారం ఎక్కించు ముందు."